కొలంబో నుంచి జాఫ్నా దాకా

కొలంబో నుంచి జాఫ్నాకు సుమారు 400 కిలోమీటర్లు. కొండల మీదుగా వెళ్లేవారు ముందు క్యాండీ చేరి, అక్కడ మొదలయ్యే ఏ-9 రహదారి అందుకుంటారు. 321 కిలోమీటర్ల ఈ రోడ్డు సింహళ బౌద్ధులు ఎక్కువగా ఉండే దక్షిణాన్ని, తమిళులు ఎక్కువగా ఉండే ఉత్తరాన్ని కలుపుతుంది. యుద్ధ కాలంలో ఏళ్ల తరబడి మూతపడి, 2002 కాల్పుల విరమణతో తెరుచుకుని, మళ్లీ 2006లో మూతపడి, 2009 తర్వాతే ప్రజలకు పూర్తిగా దక్కింది. శ్రీలంక ప్రజాస్వామ్యం ఇవాళ మోస్తున్న బరువులన్నీ ఈ దారి వెంట ఒకటి తర్వాత ఒకటి ఎదురవుతాయి.

ఈ దేశానికి ఓటు కొత్త కాదు. వలస పాలనలోనే, 1931లో, స్త్రీ పురుషులందరికీ ఓటు హక్కు వచ్చింది. భారతదేశంలో అది వయోజనులందరికీ అందింది 1950 రాజ్యాంగంతోనే. ప్రపంచంలో మొదటి మహిళా ప్రధాని సిరిమావో బండారనాయకేను 1960లో ఎన్నుకున్నదీ ఈ ద్వీపమే. 1962లో సైనికాధికారులు కొందరు కుట్ర పన్నినా అది సాగలేదు. 1948 నుంచి ప్రభుత్వాలు ఓటుతోనే వచ్చాయి, ఎక్కువసార్లు ఓటుతోనే పోయాయి. అయినా ఇదే దేశం రెండు యువజన తిరుగుబాట్లను, 26 ఏళ్ల అంతర్యుద్ధాన్ని, దివాలాను చూసింది. ఎన్నికలు ఆగకుండా జరిగిన చోట ఇన్ని కష్టాలు ఎందుకు వచ్చాయన్నదే ఈ ప్రయాణంలో తేల్చుకోవలసిన ప్రశ్న.

కొలంబోలో సముద్రాన్ని ఆనుకుని గాల్ ఫేస్ మైదానం ఉంది. సాయంత్రమైతే పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు, బండ్ల మీద రొయ్యల వడలు వేగుతుంటాయి. ఉత్తరం కొసన స్తంభాల భవనం ఒకప్పటి పార్లమెంటు, ఇప్పుడు అధ్యక్షుడి సచివాలయం. 2022 ఏప్రిల్ 9న జనం ఈ భవనం గేటు ముందు గుడారాలు వేశారు. అందులో గ్రంథాలయం పెట్టారు, ఉచితంగా అన్నం వండి పెట్టారు. ఆ గుడారాల ఊరి పేరు ‘గోటా గో గామ’. అధ్యక్షుడు గోటబయ రాజపక్స దిగిపోవాలన్నది వాళ్ల ప్రధాన కోరిక. ‘అరగళయ’ పేరుతో చరిత్రకెక్కిన పోరాటం ఇదే.

జనం రోడ్డెక్కడానికి కారణాలు ఇళ్లలోనే ఉన్నాయి. 2019 చివర పన్నులు ఒక్కసారిగా కోసేశారు. విలువ ఆధారిత పన్ను 15 శాతం నుంచి 8 శాతానికి దిగింది. వెంటనే కోవిడ్ వచ్చి పర్యాటకం పడిపోయింది. ఖజానా వట్టిపోతున్నా పాత అప్పుల కిస్తీలు కడుతూ పోయారు. చివరికి పెట్రోలు, వంటగ్యాసు, మందులు కొనడానికి డాలర్లు లేవు. 2022 మార్చి చివర రోజుకు 13 గంటల కరెంటు కోత. కాగితం లేక పశ్చిమ రాష్ట్రంలో బడి పరీక్షలు వాయిదా పడ్డాయి. ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని ప్రభుత్వం ప్రకటించింది. స్వతంత్రం వచ్చాక ఆ దేశానికి అలాంటి స్థితి అదే మొదటిసారి. ఆ ఏడాది సెప్టెంబరులో ధరల పెరుగుదల 70 శాతం దగ్గరికి వెళ్లింది.

జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకి ప్రవేశించారు. 13న గోటబయ దేశం విడిచి మాల్దీవులకు, అక్కడినుంచి సింగపూర్‌కు వెళ్లి రాజీనామా పంపారు. ఆ రోజుల్లో సైన్యం అధికారాన్ని చేతిలోకి తీసుకోలేదు. రాజ్యాంగం ప్రకారం పార్లమెంటు జూలై 20న రణిల్ విక్రమసింఘేను 134 ఓట్లతో అధ్యక్షుడిగా ఎన్నుకుంది. పొరుగు దేశాల అనుభవం తెలిసినవారికి ఇది చిన్న విషయంగా కనిపించదు. భారతదేశం ఆ ఏడాది దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం అందించింది. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్య నిధి 300 కోట్ల డాలర్ల పథకాన్ని ఆమోదించింది. ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆర్థిక పతనానికి రాజపక్స సోదరులను, మరికొందరు అధికారులను బాధ్యులుగా తేల్చింది. పన్నులు, కరెంటు చార్జీలు పెరిగి బతుకు బరువెక్కినా క్యూలు మాత్రం పోయాయి.

ఆ పతనం వేరు 1978 రాజ్యాంగంలో ఉంది. జె.ఆర్. జయవర్ధనే తెచ్చిన ఆ రాజ్యాంగం అధ్యక్షుడి చేతిలో అపారమైన అధికారం పెట్టింది. దాన్ని 2015లో 19వ సవరణ తగ్గించింది, 2020లో 20వ సవరణ తిరిగి పెంచింది, 2022లో 21వ సవరణ మళ్లీ కొంత తగ్గించింది. మధ్యలో 2018 అక్టోబరులో అధ్యక్షుడు మైత్రీపాల సిరిసేన ప్రధానిని తొలగించి గోటబయ అన్న మహింద రాజపక్సను కూర్చోబెట్టారు, ఆపైన పార్లమెంటునే రద్దు చేశారు. సభలో సభ్యులు కారం పొడి చల్లుకునేదాకా వెళ్లింది. డిసెంబరు 13న ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ రద్దు చెల్లదన్నారు. వ్యక్తులు తప్పినప్పుడు ఈ దేశాన్ని కాపాడింది న్యాయస్థానమే.

గాల్ ఫేస్‌కు కొద్ది దూరంలో, రేవు పక్క కొచ్చికడె పేటలో సెయింట్ ఆంథొనీ చర్చి ఉంది. మంగళవారాల్లో క్రైస్తవులే కాదు, హిందువులూ బౌద్ధులూ కొవ్వొత్తి వెలిగించడానికి వస్తారు. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం, ఇక్కడా, నెగొంబో, బట్టికలోవా చర్చిలలోనూ, కొలంబో పెద్ద హోటళ్లు మూడింటిలోనూ ఆత్మాహుతి దాడులు జరిగి 260 మందికి పైగా చనిపోయారు. దాడి జరగబోతోందని భారత నిఘా సంస్థలు ముందే చెప్పాయి. ఆ హెచ్చరిక అందవలసినవాళ్లకు అందలేదు, అందినవాళ్లు కదల్లేదు. అధ్యక్షుడు, ప్రధాని ఒకరితో ఒకరు మాట్లాడుకోని రోజులవి. ప్రధానిని భద్రతా మండలి సమావేశాలకే పిలవడం లేదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు సిరిసేనను బాధితులకు 10 కోట్ల రూపాయలు చెల్లించమంది. దాడి చేసిన ఇస్లామిక తీవ్రవాదులు గుప్పెడుమంది. దాని ఫలితం అనుభవించింది మాత్రం దేశంలోని ముస్లింలందరూ. దుకాణాలు కాలాయి. 2020లో కోవిడ్‌తో చనిపోయిన ముస్లింల శవాలను కుటుంబాలు వద్దంటున్నా దహనం చేశారు. 2024లో ప్రభుత్వం ఇందుకు క్షమాపణ కోరింది.

కొలంబో నుంచి క్యాండీ దారి కొండలెక్కుతుంది. క్యాండీలో బుద్ధుడి దంతధాతువు ఉన్న దళద మాలిగావ సింహళ జాతికి గుండెకాయ. దాని ముందున్న అష్టభుజి మంటపాన్నీ, పక్కనున్న సరస్సునూ కట్టించింది శ్రీ విక్రమ రాజసింహుడు. ఆయన మదురై ప్రాంతం నుంచి వచ్చిన నాయకర్ వంశస్థుడు. తెలుగు మూలాలున్న ఆ వంశం 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలింది. ఆ వంశపు కీర్తి శ్రీ రాజసింహుడి కాలంలోనే, 1753లో, సయాం నుంచి భిక్షువులను రప్పించి, ఆగిపోయిన ఉపసంపదను, అంటే భిక్షు దీక్షను, తిరిగి నిలబెట్టారు. దక్షిణ భారతం నుంచి వచ్చిన రాజులు బౌద్ధానికి చేసిన సేవ ఇది. సింహళం ఒక్కటే ఈ నేలకు చెందినదని వాదించే రాజకీయానికి ఈ మంటపమే జవాబు.

క్యాండీ చుట్టూ తేయాకు తోటలు. పంతొమ్మిదో శతాబ్దంలో తమిళనాడు నుంచి తెచ్చిన కూలీల వారసులు ఇప్పటికీ వాటిలో ఆకు కోస్తారు. బ్రిటిష్ వాళ్ల కాలంలో కట్టిన వరస గదుల్లో చాలామంది ఇంకా కాపురం ఉంటున్నారు. స్వతంత్రం వచ్చిన ఏడాదే, 1948లో, పార్లమెంటు తెచ్చిన పౌరసత్వ చట్టం వీళ్లలో ఏడు లక్షల మందికి పైగా మనుషులను ఏ దేశానికీ చెందనివాళ్లను చేసింది. మరుసటి ఏడాదే ఓటూ పోయింది. 1964లో సిరిమావో, లాల్ బహదూర్ శాస్త్రి కుదుర్చుకున్న ఒప్పందం 5 లక్షల 25 వేల మందిని భారతదేశానికి, 3 లక్షల మందిని సిలోన్‌కు పంచింది. ఏ దేశం కావాలని వాళ్లను అడిగినవారు లేరు. మిగిలినవారికి పూర్తి పౌరసత్వం దొరకడానికి 2003 దాకా పట్టింది. ప్రజలు ఎన్నుకున్న సభే ప్రజల్లో ఒక భాగాన్ని ఓటర్ల జాబితా నుంచి తీసేసిన ఈ ఘటన తర్వాతి నష్టాలన్నిటికీ మొదలు.

ఆ నష్టాల్లో రెండోది భాష. 1956లో ప్రధాని ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసి గెలుపును నిలబెట్టుకున్నారు. తమిళ గుమాస్తాలు, టీచర్లు పరాయివారయ్యారు. తమిళ నాయకులతో రాజీకి ఆయన ఒప్పందం రాసుకున్నా భిక్షువులు ఇంటి ముందు కూర్చోవడంతో దాన్ని రద్దు చేశారు. 1959లో ఆయన్ను ఒక బౌద్ధ భిక్షువే కాల్చి చంపాడు. ఆ తర్వాత ఏ ప్రధాన పార్టీ అధికారంలో ఉండి రాజీకి వచ్చినా, ప్రతిపక్షంలో ఉన్నది దాన్ని అమ్ముడుపోవడం అని ప్రచారం చేసింది. ఓట్ల కోసం సాగిన ఈ పోటీ యాభై ఏళ్లు నడిచింది.

మాతలే, దంబుల్ల దాటాక కొండలు పోయి చెరువుల దేశం వస్తుంది. కలావెవ, తిస్సవెవ వంటి చెరువులు వెయ్యేళ్లకు పైబడినవి. వాటి కింద వరి. 2021 వసంతంలో ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించింది. సేంద్రియ సాగు మంచిదా కాదా అన్నది వేరే మాట. డాలర్లు మిగుల్చుకోవడానికి, రైతును ఒక్క మాటైనా అడగకుండా, ఒక్క పంటకాలమైనా గడువివ్వకుండా చేసిన పని అది. చైనా నుంచి తెప్పించిన సేంద్రియ ఎరువులో హానికర సూక్ష్మజీవులున్నాయని ఓడను వెనక్కి పంపారు, అయినా 67 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. నవంబరులో నిషేధం ఎత్తేసేసరికి పంట పోయింది, బియ్యంలో స్వయంసమృద్ధి సాధించిన దేశం బియ్యం దిగుమతి చేసుకుంది. 2019లో గోటబయకు కుప్పలుగా ఓట్లేసిన గ్రామాలు ఇవే. ఆయన ప్రమాణం చేసింది కూడా ఇక్కడికి దగ్గర్లోనే, అనురాధపురంలోని రువన్వెలి స్తూపం ముందు. కేవలం సింహళ ఓట్లతో గెలవగలనని ముందే తెలుసునని ఆ రోజు అన్నారు.

ఇదే జిల్లాలో తంబుత్తేగమ దగ్గర కుడాగామ అనే ఊళ్లో తెలుగు వినిపిస్తుంది. పాములాడించుకుంటూ, చేయి చూసి జోస్యం చెప్పుకుంటూ ఊరూరా తిరిగిన అహికుంటకుల వంశాలు అక్కడ స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, బడిలో సింహళం. రాజ్యాంగం గుర్తించిన రెండు అధికార భాషల్లో ఒకటైన తమిళమే కాగితం మీది హక్కు కోసం ఇంకా పెనుగులాడుతున్న చోట, లిపి కూడా నేర్వని ఈ తెలుగును పట్టించుకునే వేదిక లేదు.

మెదవచ్చియ దాటితే వవునియా. బోర్డుల మీద మొదటి వరస అక్షరాలు మారతాయి, తాటిచెట్లు మొదలవుతాయి. ఉత్తరాన ఓమంతై దగ్గర 2015 దాకా సైనిక తనిఖీ కేంద్రం ఉండేది, బస్సు ప్రయాణికులు దిగి కాగితాలు చూపించాల్సి వచ్చేది. యుద్ధం ముగిశాక 2009లో వవునియా దగ్గరి మెనిక్ ఫాం శిబిరాల్లో రెండున్నర లక్షల మందికి పైగా ముళ్లకంచె వెనక ఉన్నారు. వాటిని పూర్తిగా మూసింది 2012లో.

యుద్ధం 1983 జూలైలో మొదలైందని అంటారు. జాఫ్నా దగ్గర 13 మంది సైనికులను తమిళ పులుల సంస్థ ఎల్టీటీఈ చంపగా, కొలంబోలో తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబెట్టారు, వందలమందిని చంపారు. పోలీసులు చాలా చోట్ల చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత వేలమంది యువకులు ఆయుధం పట్టారు. ఎల్టీటీఈ మిగతా తమిళ సంస్థలను తుడిచిపెట్టింది, పిల్లలను బలవంతంగా సైన్యంలో చేర్చుకుంది, 1990 అక్టోబరులో ఉత్తరం నుంచి ముస్లింలను కట్టుబట్టలతో వెళ్లగొట్టింది, 1991లో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని చంపింది. 1987 నాటి భారత్–లంక ఒప్పందం కింద వెళ్లిన భారత శాంతి సేన దాదాపు 1,200 మంది సైనికులను పోగొట్టుకుని 1990లో తిరిగి వచ్చింది. తమిళులకు జరిగిన అన్యాయం నిజం. పులుల పద్ధతి ఆ అన్యాయానికి పరిష్కారం కాలేదు, తమిళ సమాజాన్నే మరింత ఒంటరిని చేసింది. ఈ రెండు మాటల్లో ఒక్కటే చెప్పేవాళ్లు దక్షిణాన, ఉత్తరాన ఇప్పటికీ చాలామంది.

కిలినొచ్చి పులుల రాజధాని. సైన్యం 2009 జనవరి 2న దాన్ని పట్టుకుంది. పారిపోతూ పులులు కూల్చిన నీళ్ల ట్యాంకును అలాగే పడివుంచి ప్రభుత్వం స్మారకం చేసింది. విరిగిన కాంక్రీటు గిన్నె నేల మీద ఒరిగి ఉంటుంది. ఊళ్లోని కందస్వామి కోవెల దగ్గర 2017 ఫిబ్రవరి నుంచి, అదృశ్యమైన పిల్లల కోసం తల్లులు కూర్చుంటున్నారు. చేతిలో ఫొటో, ఫొటో కింద పేరు, పుట్టిన తేదీ, చివరిసారి ఎక్కడ చూశారో రాసి ఉంటుంది. కొందరి ఫొటోలు ఎండకు వెలిసి ముఖమే చెదిరిపోయింది. జవాబు రాకుండానే చనిపోయిన తల్లులున్నారు. 1980ల చివరి నుంచి దేశంలో 60 వేల నుంచి లక్ష మంది దాకా అదృశ్యమయ్యారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అంచనా. వాళ్లంతా తమిళులే కారు. 1987–89లో వామపక్ష పార్టీ జేవీపీ తిరుగుబాటును అణచినప్పుడు మాయమైన సింహళ యువకులూ ఉన్నారు. 2018లో అదృశ్యమైనవారి కోసం ఒక కార్యాలయం పెట్టారు, అది ఎంతమంది ఆచూకీ చెప్పిందన్నదే ఈ తల్లుల ప్రశ్న.

కిలినొచ్చి దాటి ఎలిఫెంట్ పాస్. చుట్టూ ఉప్పుమడులు, మధ్యలో సన్నని గట్టు మీద రోడ్డు. జాఫ్నా ద్వీపకల్పానికి ఇదే ద్వారం కాబట్టి రెండు సైన్యాలూ దీని కోసం పోరాడాయి. ఇంకాస్త ముందుకు ముహమాలై. రోడ్డు పక్కన ఎర్ర బోర్డులు, పుర్రె గుర్తు, వెనక పొదలు. ఇది ఒకప్పటి యుద్ధరేఖ, ప్రపంచంలోనే దట్టమైన మందుపాతర క్షేత్రాల్లో ఒకటి. వాటిని తీసేవారిలో చాలామంది స్త్రీలు. ముఖానికి పారదర్శక కవచం వేసుకుని, చిన్న పళ్లగొర్రుతో ఒక్కో అంగుళం మట్టిని లాగి, కింద ఏముందో చూసుకుంటూ ముందుకు జరుగుతారు. వాళ్లలో చాలామంది భర్తను యుద్ధంలో పోగొట్టుకున్నారు, ఆ జీతంతోనే పిల్లలను చదివిస్తున్నారు. మందుపాతర నిషేధ ఒప్పందంలో శ్రీలంక 2017లో చేరింది, 2028 నాటికి నేలంతా శుభ్రం చేయాలన్నది లక్ష్యం.

జాఫ్నా పొలిమేరలో చెమ్మని అనే పేట. 1990లలో సైన్యం అదుపులోకి తీసుకున్నవారిని ఇక్కడ పాతిపెట్టారని 1998లోనే ఒక సైనికుడు కోర్టులో చెప్పాడు. 2025లో ఇక్కడి శ్మశానంలో కోర్టు ఆదేశంతో తవ్వితే 200కు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి, పసిపిల్లలవి కూడా. వాళ్లెవరో తేల్చే పరీక్షలు, విచారణ నిదానంగా సాగుతున్నాయి.

జాఫ్నా గ్రంథాలయం తెల్లని గుమ్మటాలతో, ముందు సరస్వతి విగ్రహంతో నిలబడి ఉంది. 1981 జూన్ ఆరంభంలో ఒక రాత్రి దీన్ని తగలబెట్టారు. ఎన్నికల కోసం పంపిన పోలీసులు, గూండాలు ఊళ్లో ఉన్నారు, కొలంబో మంత్రులు కూడా ఊళ్లోనే ఉన్నారు. తాటాకు ప్రతులతో కలిపి దాదాపు 97 వేల గ్రంథాలు కాలిపోయాయి. కట్టడం తిరిగి లేచింది, తాటాకులు తిరిగి రాలేదు. 1983 కన్నా ముందే ఒక తరం తమిళ యువకులు కొలంబోపై నమ్మకం వదులుకున్నది ఆ రాత్రే.

ఉత్తర తీరంలో ఇవాళ్టి బాధ వేరే రకం. జాఫ్నా జాలరులవి చిన్న ఫైబర్ పడవలు. రామేశ్వరం, నాగపట్నం నుంచి వచ్చే పెద్ద ట్రాలర్లు సముద్రపు అడుగును దువ్వుకుంటూ వల లాగుతాయి. చేపపిల్ల మిగలదు, జాఫ్నా వాళ్ల వలలు తెగిపోతాయి. శ్రీలంక 2017లో ఈ పద్ధతిని చట్టంతో నిషేధించింది. 2024లో 500 మందికి పైగా భారత జాలరులను అక్కడి నౌకాదళం పట్టుకుంది. తమిళనాడులో దీన్ని లంక నౌకాదళం దాడిగానే చెబుతారు. ఇక్కడ నష్టపోతున్నది కూడా తమిళ జాలరేనన్న మాట చెన్నై సభల్లో అరుదుగా వినిపిస్తుంది. హంబన్‌తోటలో చైనాకు 2017లో 99 ఏళ్ల లీజుకిచ్చిన రేవు గురించి ఢిల్లీ ఎంత కలత చెందినా, ఉత్తరంలోని సామాన్యుడి ప్రశ్న ఈ వలలదే.

2024 సెప్టెంబరులో దేశం అనుర కుమార దిస్సనాయకేను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. 2019లో 3 శాతం ఓట్లు తెచ్చుకున్న నాయకుడు ఈసారి మొదటి లెక్కింపులో 42 శాతం తెచ్చుకున్నారు, చరిత్రలో మొదటిసారి రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించవలసి వచ్చింది. నవంబరులో ఆయన కూటమికి 225లో 159 స్థానాలు వచ్చాయి. జాఫ్నా జిల్లాలో 6 సీట్లకు 3 గెలిచింది. దక్షిణాది పార్టీ ఒకటి అక్కడ మొదటి స్థానంలో నిలవడం ఇదే మొదలు. అవినీతిని, పాత కుటుంబాలను వద్దనుకున్న విషయంలో తమిళ, సింహళ ఓటర్లు ఒక్కటయ్యారు. ఇది నిజమైన మార్పు. అయితే ఆయన పార్టీ జేవీపీ ఒకప్పుడు, రాష్ట్ర మండళ్లను తెచ్చిన 1987 నాటి 13వ సవరణను ఆయుధాలతో ఎదిరించింది, ఉత్తర, తూర్పు రాష్ట్రాల విలీనంపై కోర్టుకెళ్లి 2006లో దాన్ని రద్దు చేయించింది. 1979 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం కింద నేరం మోపకుండానే నెలల తరబడి మనుషులను నిర్బంధించవచ్చు. దాన్ని రద్దు చేస్తామని కూటమి హామీ ఇచ్చింది. 2025 ముగిసేనాటికి ఆ చట్టం అమలులోనే ఉంది.

జాఫ్నా చేరేముందు ఏ-9 పక్కన కైతడిలో ఉత్తర రాష్ట్ర మండలి భవనం కనిపిస్తుంది. 13వ సవరణ ఇచ్చిన రాష్ట్ర మండళ్లలో ఉత్తరానికి మొదటి ఎన్నిక 2013లో జరిగింది. ఆ మండలి గడువు 2018 అక్టోబరులో ముగిసింది. 2019 ముగిసేసరికి తొమ్మిది రాష్ట్రాల్లోనూ మండళ్లు ముగిశాయి. 2017లో ఎన్నికల పద్ధతి మారుస్తూ చట్టం తెచ్చారు, కొత్త నియోజకవర్గాల నివేదికను మరుసటి ఏడాది పార్లమెంటు తిరస్కరించింది, పాత పద్ధతికి తిరిగి వెళ్లనూ లేదు. అప్పటినుంచి రాష్ట్రాలను కొలంబో నియమించిన గవర్నర్లే నడుపుతున్నారు. స్థానిక సంస్థలకు రెండేళ్లు ఆగిన ఎన్నికలు సుప్రీంకోర్టు తప్పుపట్టాక 2025 మేలో జరిగాయి. రాష్ట్ర మండళ్ల ఎన్నికలు జరపడానికి కావలసింది సాధారణ మెజారిటీతో ఒక చట్ట సవరణ. ప్రభుత్వానికి సభలో మూడింట రెండొంతులకు మించి బలం ఉంది.